పూలు లేని జడతో చిత్తూరికి

తిరుపతి వెళ్లిరాని తెలుగువాళ్లు అరుదు కాబట్టి, ఆ దారి గురించి రాయడానికి కూర్చుంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది. అయితే అత్తగారిని వెంటబెట్టుకుని, మధ్యలో ఆరు సీసాల అమెరికా విస్కీ రుచి చూసి, ఆ తర్వాత కొండెక్కినవాళ్లు ఎక్కువమంది ఉండరనుకుంటాను. అందుకని రాస్తున్నాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఒక ల్యాబులో పనిచేస్తాను. మద్యం కంపెనీలు పంపే శాంపిళ్లను వాసన చూసి, రుచి చూసి, బాగోగులు చెప్పడం నా పని. రుచి చూడటమంటే తాగడం కాదు. నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, ఉమ్మేస్తాం. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క గుక్క మింగలేదంటే మా తెనాలిలో ఎవరూ నమ్మరు. "నేతి కొట్లో కూర్చుని నెయ్యి ముట్టనంటే ఎలాగే" అని మా అన్నయ్య ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

ఈ పనికి పెట్టుబడి ముక్కు. దాన్ని కాపాడుకోవడానికి మాకు బోలెడన్ని నియమాలున్నాయి. పని ఉన్న మంగళ, శుక్రవారాల్లో ఉల్లి, వెల్లుల్లి తినను. కాఫీ తాగను. పౌడరు రాసుకోను. నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు వెయ్యని అన్నం డబ్బాలో పట్టుకెళతాను. పూలు మాత్రం ఏ రోజూ పెట్టుకోను. మల్లెల వాసన జుట్టులో రెండు రోజులు నిలుస్తుంది. అది ఉండగా గ్లాసు దగ్గర వంగితే, ఏ విస్కీ అయినా మల్లెపందిరి కింద పోసినట్టే ఉంటుంది. పెళ్లైన పిల్ల బోడి జడతో తిరగడమేమిటని మా అమ్మ నన్ను తిట్టని పండగ లేదు. మా అత్తయ్య మాత్రం ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదో ఈ ప్రయాణంలోనే తెలిసింది.

అత్తయ్య పేరు మంగమ్మ. పాకాల దగ్గరి పల్లె ఆడపడుచు. మామయ్య సారా తాగి తాగి, లివరు పాడై పోయాడు. అప్పటినుంచి ఆవిడ మా దగ్గరే ఉంటోంది. మా పాపను పెంచింది ఆవిడే. నా గురించి పెళ్లప్పుడు మా ఆయన ఆవిడకు చెప్పింది ఒకటే మాట, "ల్యాబులో కెమిస్టు" అని. ల్యాబంటే జ్వరం మాత్రలు చేసే చోటనుకుంది అత్తయ్య. అబద్ధం కాదు కదా, వదిలెయ్ అన్నాడు మా ఆయన. సారా పేరెత్తితే ఆవిడ అన్నం ముందునుంచి లేచిపోవడం నేనూ చూశాను కాబట్టి వదిలేశాను.

పాపకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. కాలినడకన కొండెక్కి తల నీలాలిస్తానని అత్తయ్య మొక్కుకుంది. సరిగ్గా అప్పుడే చిత్తూరు పక్కన కొత్తగా మద్యం ఫ్యాక్టరీ పెట్టిన ఒకాయన, అమెరికా నుంచి తెప్పించబోయే విస్కీని ఎంపిక చెయ్యడానికి మనిషిని పంపమని మా ల్యాబును అడిగాడు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలని సంతోషపడిపోయాను. బడి ఉన్న పాపను మా ఆయన దగ్గర వదిలి, అత్తయ్యా నేనూ బయల్దేరాం.

పాకాల

శివరాత్రి వెళ్లిన వారం. చలి పోయింది, ఎండ ఇంకా రాలేదు. పొద్దున్నే పాకాలలో రైలు దిగేసరికి అత్తయ్య తమ్ముడు స్టేషనులో ఉన్నాడు. ఆటోలో వాళ్ల పల్లెకు వెళుతుంటే దారిపొడుగునా చెరకు తోటలు, మామిడి తోటలు. మామిడి పూత మీద ఉంది. మా వైపు పొలమంటే కంటికి ఆనినంత దూరం పచ్చటి బల్లపరుపు. ఇక్కడ ఎటు చూసినా మధ్యలో ఒక బండరాళ్ల గుట్ట లేచి చూపుకు అడ్డం వస్తుంది. మొదట్లో ఉక్కిరిబిక్కిరిగా ఉండేది. ఇప్పుడు ఆ గుట్టల్ని చూస్తే ఊళ్లోకి వచ్చామని తెలుస్తుంది.

ఊరి బయట గానుగ దగ్గర బెల్లం వండుతున్నారు. అత్తయ్య ఆటో ఆపించింది. పెద్ద పెనంలో చెరకు రసం కుతకుతలాడుతోంది. కింద చెరకు పిప్పి మంట. నా ముక్కు ఊరుకోదు కదా, దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ముందు పచ్చి గడ్డి వాసన, తర్వాత తీపి, చివర్లో అడుగంటబోయే ముందు వచ్చే ఒక కమ్మటి మాడు వాసన. వండే ఆయన చెరకు ముక్కను పాకంలో ముంచి ఇచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే నవ్వాడు. "గానిగ కాడ తిన్నదానికి యాడన్నా దుడ్లు తీసుకుంటారా మ్మా" అన్నాడు. మా వైపు చెరకు ముక్క ఊరికే ఇస్తారు, పాకం ఇవ్వరు.

మధ్యాహ్నం రాగి సంగటి, పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పితికి పై పొట్టు తీసి వండే కూర అది. ఊరంతా కూర్చుని పితికితే గానీ ఇంటికి సరిపడా కాదు. ఆఖరి కాపు గింజలు నాకోసం దాచి ఉంచిందట చిన్నమ్మ. అంటే అత్తయ్య తమ్ముడి భార్య, వరసకు నాకు చిన్నమ్మ. రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి కూడా చేసింది. వెల్లుల్లి దంచి వేసింది. ఆ రోజు ఆదివారమే అయినా, మర్నాడు చిత్తూరులో పని ఉంది కాబట్టి ఊరుబిండి వద్దన్నాను. పప్పులో ఉల్లిపాయలు పక్కకు తీసిపెట్టాను.

చిన్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఊరొచ్చినా నీ వ్రతం మానవా మ్మా?"

"ఏం వ్రతం చిన్నమ్మా?"

"నాకు తెల్దనుకుంటివా? మంగళారం, శుక్రారం ఉల్లిగడ్డ ముట్టవంట, ఉప్పులేని బువ్వ తింటావంట. మా వదిన వచ్చినప్పుడంతా సెప్తాది. వ్రతం పేరు బయటికి సెప్పకూడదేమో, నేను గూడా అడగను అంటాది." గొంతు తగ్గించి నా జడ తాకింది. "అదంతా ఒకెత్తు. అత్త పెట్టుకోకూడదని నువ్వు గూడా పూలు మానుకున్నావు సూడు, ఆ మాట సెప్పేటప్పుడు వదిన కండ్లలో నీళ్లు తిరుగుతాయి. ఈ సుట్టుపక్కల యే కోడలు సేసింది ఆ పని?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మొదట నవ్వొచ్చింది. విస్కీ కోసం పాటించే మడి, దేవుడి ఖాతాలో పడిందన్నమాట. ఆ నవ్వు నిలవలేదు. పూలు పెట్టుకోనందుకు మా అమ్మ పెట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, ఒక్క మాటైనా అనని అత్తయ్య గుర్తొచ్చింది. ఆవిడ నా బోడి జడను తన మీద ప్రేమ అనుకుంటోంది. ఇన్నేళ్లూ ఆ ప్రేమకు బదులుగానే నన్ను చూసుకుంటోంది.

చిన్నమ్మకు అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచాను. వాకిట్లో అత్తయ్య ఎవరితోనో "మా కోడలు వచ్చింది" అంటోంది. ఆ గొంతు విని నోరు మూసుకున్నాను. కొండ దిగాక నిదానంగా చెబుదాంలే అనుకున్నాను.

పూతలపట్టు

నేను ఒక్కదాన్నే చిత్తూరు వెళ్లి పని చూసుకొస్తానంటే అత్తయ్య వినలేదు. "ఆణ్ణించి అట్లే తిరుపతికి పోవచ్చు గదా, మళ్లా ఈడికి రావడం యెందుకు" అని మూట కట్టేసింది. నేను అడక్కుండానే ఉప్పులేని సంగటి ముద్ద కూడా డబ్బాలో పెట్టింది. "అన్నం కంటే ఇది మేలు, నీ వ్రతానికి" అంది.

పూతలపట్టు క్రాసులో బస్సు మారాలి. నాలుగు దార్లు కలిసే చోటు. లారీలు, టీ బంకులు, అరవం తెలుగు కలగలిసిన కేకలు. టీ బంకు ఆయన ఒకే వాక్యాన్ని అరవంలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు, కంగారేమీ పడలేదు. టీ ధర మా హైదరాబాదులో సగం. గ్లాసు మాత్రం దానికి రెట్టింపు. అత్తయ్యకు టీ ఇప్పించి నేను మంచినీళ్లు తాగాను. వ్రతం కదా అన్నట్టు ఆవిడ నావైపు ఆప్యాయంగా చూసింది. నేను బస్సు బోర్డులు చదువుతున్నట్టు నటించాను.

చిత్తూరు

ఫ్యాక్టరీ ఊరికి కొంచెం బయట ఉంది. గేటు మీద బోర్డంతా ఇంగ్లీషే కాబట్టి, అత్తయ్య అదీ మాత్రల ఫ్యాక్టరీ అనుకుంది. ఓనరు మునిరత్నంగారు అంతకుముందు మామిడి గుజ్జు వ్యాపారం చేసేవాడు. గొప్ప మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తీశాడు. రుచి చూసే గదిలో అగరొత్తుల కట్ట వెలిగించి, పన్నీరు చల్లించి ఉంచాడు. ఆ గది ఒకప్పటి గుజ్జు గోడౌను. పులిసిన మామిడి వాసన గోడల్లో ఇంకిపోయి ఉంది. గుమ్మంలోనే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాను. "ఇక్కడ కుదరదండీ. గాలి వచ్చే వరండా ఏదైనా చూపించండి" అన్నాను, కాస్త గట్టిగానే. మా వాళ్లు నన్ను కారప్పొడి అనేది ఇందుకే.

పెరటి వరండాలో బల్ల వేస్తుండగా మునిరత్నంగారి భార్య పళ్లెంలో మల్లెదండ తెచ్చింది. నేను చేతులడ్డం పెట్టేలోపే, మెట్టు మీద కూర్చున్న అత్తయ్య మాట అందుకుంది.

"మా కోడలు పూలు పెట్టుకోదు తల్లీ. నేను పెట్టుకోనని తనూ మానుకుంది."

ఆ గొంతులో ఎంత గర్వమో. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మునిరత్నంగారు పాపం మంచి మనసుతోనే నవ్వాడు. "అట్లంటే మీకు తెల్దేమో అవ్వా. యీ పని సేసేవాళ్లు పూలు పెట్టుకోకూడదంట. పూల వాసనొస్తే విస్కీ వాసన తెలీదంట. ఉల్లిగడ్డ తినకూడదు, సెంటు కొట్టకూడదు. ల్యాబోళ్లు ముందే ఫోనులో సెప్పినారు. నేనే మరిసిపోయి ఇంట్లో సెప్పలే." భార్యవైపు తిరిగి, "దండ లోపల పెట్టు" అన్నాడు.

అత్తయ్య ఆయన్ను చూసింది. బల్ల మీద కాగితాలు చుట్టి అంకెలు వేసిన ఆరు సీసాలను చూసింది. తర్వాత నన్ను. "విస్కీనా?" అంది. అంతే. లేచి వెళ్లి, వరండా చివర సిమెంటు గట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది.

పని ఆపలేను. అంత దూరం పంపినవాళ్లు ఉన్నారు, కనిపెట్టుకుని కూర్చున్నాయన ఉన్నాడు. మొదలుపెట్టాను.

ఈ సరుకు పేరు బర్బన్. అమెరికాలో సగానికి పైగా మొక్కజొన్న వేసి కాచే విస్కీ. లోపలంతా మంటతో కాల్చిన కొత్త ఓకు చెక్క పీపాలోనే అది పండాలి. ఒకసారి వాడిన పీపాను మళ్లీ బర్బన్‌కు వాడరు. మామూలుగా సీసాకెత్తే ముందు నీళ్లు కలిపి ఘాటు తగ్గిస్తారు. మునిరత్నంగారికి వచ్చినవి చాలావరకు పీపాలో ఉన్న ఘాటుతోనే ఎత్తినవి. మన బజారు విస్కీ కంటే ఒకటిన్నర రెట్లు బలం. ఇలాంటి వాటి దగ్గర ముక్కు నేరుగా పెట్టకూడదు. గ్లాసు గడ్డం దగ్గరే ఉంచి, నోరు కొంచెం తెరిచి, పక్కనుంచి గాలి తీసుకోవాలి. తర్వాత నాలుక మీద ఒక బొట్టు. ఉమ్మేశాక చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ మళ్లీ చూడాలి. నీళ్లు తగిలాక లోపల దాక్కున్న వాసనలు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

ఒకటో సీసా మెతక. ఉడికించిన మొక్కజొన్న పొత్తు గుర్తొచ్చింది, అంతకుమించి ఏమీ లేదు. రెండోది వడ్రంగి కొట్లో నిలబడినట్టుంది. పచ్చి చెక్క ఇంకా అరగలేదు. మూడో గ్లాసు ఎత్తాను. ఏ వాసనా రాలేదు. మళ్లీ ఎత్తాను. రాలేదు. నా పనిలో అలా ఎప్పుడూ జరగలేదు. నా కళ్లు గ్లాసు మీద లేవు, ఆ గట్టు మీది వీపు మీద ఉన్నాయి. గ్లాసు దించేసి, డబ్బా తీసి ఉప్పులేని సంగటి చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఆవిడ తెల్లవారకముందే లేచి కెలికిన సంగటి. నెమ్మదిగా నమిలాను. నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాను. "అలిసిపోయినారా మేడమ్" అని మునిరత్నంగారు ఫ్యాను తెప్పించబోయాడు. వద్దన్నాను.

ముక్కు తిరిగొచ్చింది. మూడోది మామూలే. నాలుగోదానికి మొదట ఘాటు తప్ప ఏమీ లేదు. నాలుగు చుక్కల నీళ్లు పడగానే విప్పుకుంది. అదే అన్నిటికంటే మంచిది. ఐదోది మిరియాల కషాయం. ఆరోది అన్నిటికంటే బలమైనది, ధరలోనూ పైనున్నదట. మునిరత్నంగారి చూపంతా దాని మీదే.

"ఘాటు యెక్కువుంటే మంచిదే గదా మేడమ్?"

"ఘాటు వెనక ఏదైనా ఉంటే మంచిదండీ. దీంట్లో మంట తప్ప ఏం లేదు. నీళ్లు పోస్తే కాలిన చెక్క చేదు బయటపడింది. నాలుగోది తీసుకోండి." ఆయన ముఖం కాస్త వాడిపోయినా, తలూపాడు.

మళ్లీ పూతలపట్టు

తిరుపతి బస్సులో అత్తయ్య కిటికీ పక్క కూర్చుంది. మూట ఒళ్లో పెట్టుకుంది. నేను రెండుసార్లు "అత్తయ్యా" అన్నాను. పలకలేదు. పూతలపట్టు క్రాసులో బస్సు ఆగింది. ఆవిడ మూట ముడి బిగించింది.

"ఈడ దిగితే పాకాల బస్సు దొరుకుతాది" అంది, నావైపు చూడకుండా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ తమ్ముడింట్లో ఉండిపోతే నా ఇల్లు ఏమవుతుంది, బడినుంచి వచ్చే పాపకు తలుపెవరు తీస్తారు, ఇవన్నీ తర్వాత తట్టాయి. మొదట తట్టింది ఒక్కటే. ఇంక ఈవిడ నన్ను "మా కోడలు" అని ఎవరికీ చెప్పదు.

"దిగుతారా?" అన్నాను.

"మొక్కు పాపది. అది తీర్చాల. ఆ తర్వాత నేను పాకాలకు పోతానో, మీతో వస్తానో సూస్తాం." బస్సు కదిలింది. ఆ రాత్రికి తిరుపతిలో ఒక సత్రంలో దిగాం.

అలిపిరి

మర్నాడు చీకటి విడిపోతుండగా అలిపిరి చేరుకున్నాం. కొండ మీద పూసే పూలన్నీ స్వామివే, మనుషులు పెట్టుకోకూడదని ఆచారం. మెట్ల దగ్గర ఆడవాళ్లు జడల్లో పూలు తీసేసి పక్కన పెడుతున్నారు. తెలియక కనకాంబరాలతో ఎక్కబోతున్న ఒక అరవావిడను అత్తయ్యే ఆపింది. "కొండపైన పూలు పెట్టుకోకూడదమ్మా, తీసెయ్" అంది. ఆవిడ నాలిక్కరుచుకుని తీసేసింది. చూస్తుండగానే చుట్టూ ఉన్న జడలన్నీ నా జడలాగే అయిపోయాయి. అత్తయ్య కూడా వాటిని చూసింది, నా తల వైపు కూడా చూసింది.

మా వైపు నుంచి వచ్చేవాళ్లకు కొండంటే బస్సు, క్యూ, లడ్డు. నడిచి ఎక్కితేనే తెలుస్తుంది అది ఎంత కొండో. కొందరు ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతున్నారు. నడుం వంచి పెట్టి, మళ్లీ లేచి, మళ్లీ వంగి. దారి పక్కన ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు, మజ్జిగ అమ్ముతున్నారు. మామిడి ముక్కల ధర కింద ఒకటి, సగం దూరం ఎక్కాక ఇంకొకటి. మన ఆయాసాన్ని బట్టి రేటు పెరుగుతుంది. అత్తయ్య నాకంటే చురుగ్గా ఎక్కుతోంది. నేనే ఆగి ఆగి, పిక్కలు పట్టుకుంటూ వెనక పడ్డాను.

గాలిగోపురం దగ్గర ఆవిడ నాకోసం ఆగింది. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

"మీ మామ గడప తొక్కినాడంటే ఇల్లంతా కంపే" అంది ఉన్నట్టుండి. "పొద్దుగూకేసరికి నేను మూరెడు మల్లెలు తల్లో పెట్టుకుంటా ఉంటి. మల్లెలు లేకుంటే సంపంగులు. జనం సూసి, మంగమ్మకు మొగుడంటే యెంత ఇదో, రోజూ పూలు పెట్టుకుంటాది అనేవాళ్లు. ఆ కంపు నా ముక్కుకు తగలకుండా పెట్టుకుంటా ఉంటినని యెవురికీ తెల్దు. ఆయనకు గూడా తెల్దు."

ఎక్కుతున్నవాళ్లకు దారి ఇస్తూ ఆవిడ కాళ్లు దగ్గరికి తీసుకుంది.

"ఆయన పోయినాక పూలు తీసేసినారు. అందురూ ఏడుస్తా ఉండారు. నాకు మాత్రం, కంపే లేదు, ఇంగ పూలతో పనేముండాది అనిపించింది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను ఆ వాసన తెలవకూడదని పూలు పెట్టుకున్నాను. నువ్వు ఆ వాసన తెలవాలని పూలు మానుకున్నావు. సూడు, ఆ దేవుడు ఇద్దర్నీ ఒకే ఇంట్లో యేసినాడు."

"మీరు అలా అనుకుంటున్నారని నాకు మొన్న పాకాలలో చిన్నమ్మ చెప్పేదాకా తెలియదు అత్తయ్యా."

"ముందే తెలిసుంటే సెప్పుండేదానివా?"

"ఏమో" అన్నాను.

"నేను ఊరంతా సెప్పుకున్నాను" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఆవిడ దాచుకున్న ఒకే ఒక్క మంచి వస్తువును నా చేతులతో పగలగొట్టినట్టనిపించింది. లేచి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాం. మోకాళ్ల మెట్టు దగ్గర నేను తూలితే ఆవిడ చెయ్యి పట్టుకుంది. పైదాకా వదల్లేదు.

కొండ మీద

కల్యాణకట్టలో అత్తయ్య తల నీలాలిచ్చింది. గుండుకు గంధం రాసుకుని బయటికొస్తే చిన్నపిల్లలా కనిపించింది. దర్శనం సంగతి అందరికీ తెలిసిందే, గంటలకొద్దీ నిలబడితే రెప్పపాటు. ఆ రెప్పపాటులో నేను పాప పేరు చెప్పడం మర్చిపోయాను. ఈవిడను పాకాల బస్సు ఎక్కనివ్వకు స్వామీ అని మాత్రం అడిగాను. బయట ప్రసాదం పులిహోర తింటుంటే అత్తయ్య తన వాటాలో జీడిపప్పులు ఏరి ఒక కాగితంలో కట్టింది. పాపకు ఇష్టం. ఆ పొట్లం తన మూటలో పెట్టుకుంటుందా, నా బ్యాగులో వేస్తుందా అని కళ్లప్పగించి చూశాను. తన మూటలోనే పెట్టుకుంది.

తిరుపతి

కొండ దిగి బస్టాండులో కూర్చున్నాం. మా రైలుకు ఇంకా టైముంది, స్టేషను పక్కనే. ఎదురుగా కండక్టర్లు కేకలు వేస్తున్నారు. పాకాల, పాకాల అన్న కేక వినబడ్డప్పుడల్లా అత్తయ్య మూట వైపు చూసేదాన్ని.

అత్తయ్య కొంగు గుండు మీదికి లాక్కుంది. "ఒకటి అడుగుతా, సెప్పు. ఆ అమెరికా సారాలో యేముండాది? వాసన సూసి సెప్తావంట గదా. నువ్వు మంచిదన్న ఆ నాలుగో సీసా యెట్లుండాది?"

వెటకారమేమోనని ముఖం చూశాను. కాదు. నిజంగానే అడుగుతోంది. నేను రిపోర్టులో రాసే మాటలు వదిలేసి, ఆవిడకు తెలిసేటట్టు చెప్పాను.

"బెల్లం పాకం అడుగంటబోయే ముందు ఒక వాసన వస్తుంది చూడండి, ముందు అది. తర్వాత వేయించిన వేరుశనక్కాయలు. కొంచెం నీళ్లు పోస్తే మామిడి తొక్క. చివర్లో కొత్త కుండలో నీళ్లు పోసినప్పటి వాసన, పొయ్యిలో ఆరిపోయిన కట్టె వాసన."

ఆవిడ ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఇవన్నీ మనింట్లోవే గదా అమ్మణ్ణీ" అంది. "గానిగ మాదే. పొయ్యి మాదే. చెనిక్కాయలు నేనే ఏపుతా ఉంటి. ఆయనొస్తే కొత్త కుండలో నీళ్లే ఇస్తా ఉంటి. ఇంట్లో లేనిది యేముండాదని ఆ మనిషి ఆడికి పోయినాడు?"

మామయ్య తాగిన సారాకూ ఈ విస్కీకీ పోలికే లేదని చెప్పవచ్చు. అదీ బెల్లంతోనే కాచినా, అందులో ఈ వాసనలేవీ ఉండవని చెప్పవచ్చు. ఆవిడ అడిగింది అది కాదు. ఎంత బలమైన సరుకులోనైనా ఏముందో చెప్పగలనని నాకు పొగరు. ఆ పొగరు ఇక్కడ పనికిరాలేదు. ఏడుపొచ్చింది, జనమున్నారని కూడా చూసుకోలేదు. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది.

"నీ పని నాకు నచ్చలే. అది వేరే" అంది. "పాకాలకు పోయి నేనేం సెప్పేది వాళ్లకు? మా కోడలు నాకోసం పూలు మానుకోలేదు అనా?"

పాకాల బస్సు హారను కొట్టుకుంటూ మా ముందునుంచే బయటికి వెళ్లింది. ఆవిడ దానివైపు చూడలేదు. లేచి పూలమ్మే ఆమె దగ్గరికెళ్లి, మూర కొలత చాలదని గొడవపడి, ఇంకో జానెడు మల్లెలు ఎక్కువ కోయించింది. వచ్చి నా వెనక నిలబడింది.

"వాసన యెన్నాళ్లుంటాది జుట్టులో?"

"రెండు రోజులు."

"నీ పని మళ్లా యెప్పుడు?"

"శుక్రవారం."

"ఇంకా మూడు దినాలుండాది." నా జడలో పూలు తురిమి, గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసింది. "పెట్టుకో. గురువారం తలకు పోసుకుందువులే. నేనే నీళ్లు కాగబెడతా."